ముగ్గు పోయకముందే మట్టి చూడాలి: ఇల్లు, సెప్టిక్ ట్యాంక్, పెరటి తోటలకు ఒక మార్గదర్శి

నరసరావుపేట దగ్గర మా అక్క వాళ్లు ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశమైన మూడో ఏడు వంటింటి కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఒక పగులు దిగింది. వానాకాలంలో సన్నబడేది, ఏప్రిల్ వచ్చేసరికి అందులో రూపాయి బిళ్ల పట్టేది. మేస్త్రి వచ్చి సిమెంటు పూసి, పైన రంగు వేసి వెళ్లాడు. మరుసటి ఎండాకాలం పగులు అదే దారిలో మళ్లీ వచ్చింది. చివరికి తెలిసిన ఇంజినీరు ఒకాయన వచ్చి, గోడ వైపు కూడా చూడకుండా ముందు ఇంటి చుట్టూ తిరిగాడు. తూర్పు గోడకు నాలుగడుగుల దూరంలో బాత్‌రూమ్ నీళ్లు ఇంకే గుంత ఉంది. పడమటి ప్రహరీ వెంట నీలగిరి చెట్లు ఉన్నాయి. కిందంతా నల్లరేగడి. ఒక పక్క నేల ఏడాది పొడవునా నానుతోంది, ఇంకో పక్క చెట్లు ఉన్న తేమనంతా లాగేస్తున్నాయి. మధ్యలో ఉన్న ఇల్లు ఒక వైపు లేచి, ఒక వైపు దిగింది.

పునాది ఎంత లోతు తీయాలో మేస్త్రి చెప్పాడు. గుంత ఎక్కడ తవ్వాలో ప్లంబర్ చెప్పాడు. చెట్లు ఎక్కడ నాటాలో బావగారు చూసుకున్నారు. ముగ్గురూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోలేదు. ఇల్లు, మురుగు, మొక్క ఈ మూడింటి సంగతీ నీరు ఆ మట్టిలో ఎటు పోతుంది, ఎంతసేపు ఆగుతుంది అన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ మూడింటినీ ఒకే కాగితం మీద, మట్టి చూసిన తర్వాతే నిర్ణయించుకోవాలి. ఎలాగో వరుసగా చెబుతాను.

1. స్థలాన్ని రెండుసార్లు చూడండి

ఒకసారి మే నెలలో, ఇంకోసారి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. ఎండాకాలంలో నేల నెర్రెలు విచ్చిందా, నెర్రెలోకి కర్ర దించితే ఎంత లోతు పోతోందో చూడండి. వానలు ముదిరాక నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, పక్కవాళ్ల బావిలో నీరు ఎంత పైకి వచ్చిందో చూడండి. అంత సమయం లేకపోతే చుట్టుపక్కల పాత ఇళ్లు చూడండి. ప్రహరీ గోడలు వంకరపోవడం, గుమ్మం తలుపులు వానాకాలంలో పట్టేయడం, గచ్చు మధ్యలో ఉబ్బడం లాంటివి కనిపిస్తే కింద మట్టి కదులుతోందేమో అని అనుమానించాలి.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: ఈ స్థలం ఇంతకుముందు ఏమిటి? చెరువు శిఖమా (చెరువు నీళ్లు పరుచుకునే నేల), వాగు పాయా, క్వారీ గుంత పూడ్చిందా? ఊళ్లో పెద్దవాళ్లకు తెలుస్తుంది. పూడ్చిన మట్టి పైకి గట్టిగా కనిపించినా ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. దాని మీద మామూలు పునాదితో ఇల్లు కట్టడం మాత్రం నేను ఎవరికీ సలహా ఇవ్వను.

2. గుంత తీయించండి

ప్లాటు ఎదురెదురు మూలల్లో రెండు గుంతలు, కనీసం రెండు మీటర్ల లోతు తీయించండి. జేసీబీతో గంట పని. నల్లరేగడిలోనూ ఇసుకలోనూ గుంత గోడలు ఒక్కసారిగా కూలతాయి కాబట్టి లోపలికి దిగకండి. బయటకు తీసిన మట్టినే అడుగు అడుగుకీ వేరువేరు కుప్పలుగా పోయించి చూడండి.

మన దగ్గర సాధారణంగా కనిపించేవి ఇవి. పల్నాడు, ప్రకాశం, కర్నూలు, నంద్యాల, ఆదిలాబాద్ ప్రాంతాల్లో నల్లరేగడి ఎక్కువ. తెలంగాణలో చాలా చోట్ల, రాయలసీమలో మరికొన్ని చోట్ల ఎర్ర చెల్క (తేలికపాటి ఎర్ర నేల), దాని కింద మొరం (రాయి చితికి ఏర్పడిన గట్టి గరుకు మట్టి), ఆ కింద రాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఒండ్రు, అడుగున మెత్తటి బంకమట్టి, పైపైనే నీరు. బాపట్ల, చీరాల వైపు తీరం వెంట ఇసుక. అయితే జిల్లా పేరు చూసి తీర్పు చెప్పకండి. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) ఆవరణ ఒక్కదానిలోనే ఎర్ర నేలా నల్ల నేలా రెండూ ఉన్నాయి. మీ వీధిలో ఈ చివరకీ ఆ చివరకీ మట్టి మారిపోవచ్చు.

చేతితో చేసే పరీక్షలు రెండు చెబుతాను. గుప్పెడు మట్టి తడిపి, పిసికి, బొటనవేలితో నొక్కుతూ రిబ్బన్‌లా సాగదీయండి. వెంటనే తెగిపోతే ఇసుక పాలు ఎక్కువ. తెగకుండా రెండంగుళాలు సాగి, వేళ్లకు జిగురుగా అంటుకుంటే బంకపాలు ఎక్కువ. రెండోది సీసా పరీక్ష. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి పక్కన పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, దాని మీద ఒండ్రు కొన్ని గంటల్లో పేరుకుంటుంది, బంక తేరడానికి రోజు పైనే పడుతుంది. ఆ పొరల మందం చూస్తే మీ మట్టి స్వభావం తెలుస్తుంది.

ఇవి తోటకు సరిపోతాయి. ఇంటికి మాత్రం సాయిల్ టెస్ట్ లేకుండా ముందుకు వెళ్లకండి. రిపోర్టులో నేల మోయగల బరువు, నీటి మట్టం, పొరల లోతు ఉండాలి. నల్లరేగడి అయితే 'ఫ్రీ స్వెల్ ఇండెక్స్' కూడా అడిగి రాయించుకోండి. జల్లించిన పొడి మట్టిని పది గ్రాముల చొప్పున రెండు కొలపాత్రల్లో వేసి, ఒకదానిలో నీళ్లు, ఒకదానిలో కిరసనాయిలు పోసి 24 గంటలు ఉంచుతారు. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. ఆ తేడాను శాతంలో చెబుతారు. 50 దాటితే జాగ్రత్తపడాలి. 100 దాటితే మామూలు పునాది మాట మర్చిపోవాలి. 200 దాటితే చాలా తీవ్రమైన నేల అని అర్థం.

3. పునాది: మట్టిని బట్టే

ఎర్ర మొరం అయితే మీకు అదృష్టమే. బరువు బాగా మోస్తుంది, పెద్దగా ఉబ్బదు. ఒక్కటి చూసుకోండి: హైదరాబాద్ చుట్టుపక్కల బండరాయి ఎగుడుదిగుడుగా ఉంటుంది. నాలుగు పిల్లర్లు బండ మీద, రెండు పిల్లర్లు పోసిన మట్టి మీద నిలబడితే ఆ రెండే దిగుతాయి. అన్ని ఫుటింగులూ (పిల్లర్ల అడుగున వేసే వెడల్పాటి కాంక్రీటు దిమ్మెలు) ఒకే రకం గట్టి పొర మీద కూర్చోవాలి, ఒకటి రెండు ఎక్కువ లోతుకు తీయాల్సి వచ్చినా సరే.

నల్లరేగడి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఈ మట్టిలో ఉండే మాంట్‌మోరిల్లొనైట్ అనే బంక ఖనిజం తన పొరల మధ్యకు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. వానకూ ఎండకూ ఇలా కదిలే మందం కొన్ని చోట్ల మూడు మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది. ఆ పై పొరలో నాలుగడుగుల పునాది వేస్తే ఇల్లు మట్టితో పాటే ఏడాదికోసారి లేచి దిగుతుంది. "ఒక్క అంతస్తే కదా, ఏమవుతుంది" అంటుంటారు. ఇక్కడ అది తలకిందుల లెక్క. ఉబ్బే మట్టి తేలిక ఇంటినే ఎక్కువగా ఎత్తుతుంది. అందుకే ముందుగా పగిలేవి ప్రహరీలు, బయటి మెట్లు, ఒంటి అంతస్తు ఇళ్లు.

రెండు దారులు ఉన్నాయి. రేగడి మందం నాలుగైదు అడుగులే ఉండి కింద మొరం తగిలితే, రేగడిని పూర్తిగా దాటి మొరం మీద పునాది వేయండి. మందం ఎక్కువైతే అండర్ రీమ్డ్ పైల్స్. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన దేశపు నల్లరేగడి కోసమే అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. సన్నటి గుండ్రటి పైలు సుమారు మూడున్నర మీటర్లు కిందికి పోతుంది, అడుగున గంటలా వెడల్పవుతుంది. ఆ వెడల్పు మామూలుగా పైలు వ్యాసానికి రెండున్నర రెట్లు. కదలని పొరలో ఆ గంట లంగరులా పట్టుకుని ఉంటుంది కాబట్టి పై మట్టి ఉబ్బినా ఇంటిని ఎత్తలేదు.

ఇందులో చాలామంది తప్పిపోయే చోటు ఒకటుంది. పైల్స్ మీద వేసే బీము అడుగు భాగం మట్టికి ఆనకూడదు. కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలని భారతీయ ప్రమాణం 2911 చెబుతుంది. ఖాళీ లేకపోతే మట్టి ఉబ్బినప్పుడు నేరుగా బీమునే తోస్తుంది, పైల్స్ కోసం పెట్టిన డబ్బంతా వృథా. కాంక్రీటు పోసే రోజు మీరే దగ్గరుండి ఆ ఖాళీ చూసుకోండి.

ఇంకో తప్పు మరీ ఎక్కువగా కనిపిస్తుంది. పునాదికి తవ్విన నల్లమట్టినే తిరిగి బేస్‌మెంట్‌లో నింపేస్తారు. లారీ ఖర్చు మిగిలిందనుకుంటారు, మూడేళ్లకు హాల్లో టైల్స్ లేస్తాయి. బేస్‌మెంట్‌లో మొరం లేదా గ్రావెల్ మాత్రమే పోయాలి. ఒక్కో పొర ఆరేడు అంగుళాల మందం, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టి, ఆ తర్వాతే పై పొర. తవ్విన రేగడి పెరట్లో పనికొస్తుంది, దానికి తర్వాత వస్తాను.

ఇంటి చుట్టూ కనీసం మీటరున్నర వెడల్పున గచ్చు, బయటి వైపు వాలుతో వేయండి. డాబా మీది వాన నీరు గొట్టాల ద్వారా ఆ గచ్చు దాటి దూరంగా పడాలి. పునాది పక్కన మట్టిలో తేమ ఏడాదంతా ఒకేలా ఉండేలా చూసుకోవడమే రేగడిలో అసలైన పని.

డెల్టాలో సమస్య వేరు. అక్కడ మట్టి కుంగుతుంది, నాలుగడుగులు తీస్తే ఊట. ఎండాకాలం చివర, నీరు బాగా కిందికి పోయినప్పుడు పునాది పని పెట్టుకోండి. ఫుటింగులు వెడల్పుగా కావాలా, రాఫ్ట్ (ఇల్లంతటి కిందా ఒకే కాంక్రీటు పలక) కావాలా, పైల్స్ కావాలా అనేది సాయిల్ రిపోర్టు చూసి ఇంజినీరు చెప్పాలి. పక్కింటి కొలతలు చూసి వేయకండి. తీరం దగ్గర ఉప్పు నేలల్లో ఇనుముకు కాంక్రీటు కవర్ (ఊచల చుట్టూ కప్పి ఉండే కాంక్రీటు మందం) తగ్గకుండా చూడండి, చెమ్మ గోడల్లోకి ఎక్కకుండా బేస్‌మెంట్ మీద డీపీసీ అనే తేమ నిరోధక పొర తప్పనిసరిగా వేయించండి.

4. సెప్టిక్ ట్యాంక్: నీళ్లు ఇంకుతాయో లేదో ముందు కొలవండి

ట్యాంక్ సైజు పెద్ద చిక్కు కాదు. భారతీయ ప్రమాణం 2470 ప్రకారం ఐదుగురు ఉండే ఇంటికి లోపలి కొలతలు ఒకటిన్నర మీటరు పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు, ఒక మీటరు నీటి లోతు, ఆ పైన అడుగు ఖాళీ. ఇది ఏడాదికోసారి శుభ్రం చేయించే లెక్క. పదిమందికి రెండు మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు. అసలు చిక్కు ట్యాంక్ నుంచి బయటకు వచ్చే నీటిది. ఆ నీటిని మట్టి తాగాలి.

ఎంత తాగుతుందో ఇలా కొలవండి. ఇంకుడు గుంత రావాల్సిన చోట, రావాల్సిన లోతులో, అడుగు వెడల్పుకు మించని చిన్న గుంట తీయండి. గోడలు చాకుతో గీకి, అడుగున రెండంగుళాలు గులకరాళ్లు పోయండి. దాని పైన అడుగు ఎత్తున నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వండి. మర్నాడు మళ్లీ నీళ్లు పోసి, అరగంటకోసారి మట్టం ఎంత దిగిందో స్కేలుతో చూస్తూ నాలుగు గంటలు కొనసాగించండి. చివరి అరగంట లెక్కతో, మట్టం 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో తేల్చండి.

రాత్రంతా నానబెట్టడం మాత్రం మానకండి, ముఖ్యంగా నల్లరేగడిలో. మే నెలలో పొడి నేల మీద పరీక్ష చేస్తే నెర్రెలు నీళ్లను గటగటా తాగేస్తాయి, మట్టి చాలా మంచిదనిపిస్తుంది. జూలైలో అదే మట్టి ఉబ్బి నెర్రెలన్నీ మూసుకుపోతాయి, గుంతలో నీళ్లు కదలవు. మా అక్క వాళ్ల గుంత అలాగే మొదటి వానాకాలంలోనే పొంగింది.

వచ్చిన నిమిషాలను ఇలా చదవండి. 10 నిమిషాలైతే చదరపు మీటరు మట్టి రోజుకు సుమారు 65 లీటర్లు తీసుకుంటుంది. 30 అయితే 37 లీటర్లు. 60 అయితే 26 లీటర్లే. ఐదుగురి లెట్రిన్ నీళ్లు రోజుకు 200 లీటర్లు అనుకుంటే, 10 నిమిషాల మట్టిలో మూడు చదరపు మీటర్ల పైచిలుకు చాలు, 60 నిమిషాల మట్టిలో ఎనిమిది దాకా కావాలి. నాలుగడుగుల వ్యాసం ఉన్న సిమెంటు రింగులతో రెండు మీటర్ల లోతు గుంత తీస్తే దాని పక్క గోడల వైశాల్యం ఏడున్నర చదరపు మీటర్లు వస్తుంది. 30 నిమిషాల లోపు మట్టికి అలాంటి గుంత సరిపోతుంది. 30 నుంచి 60 మధ్య వస్తే లోతు గుంత వదిలి, గులకరాళ్లు నింపిన పొడవాటి కాలువల్లోకి నీటిని పంచడం మేలు. 60 దాటితే ఆ మట్టి మీ నీళ్లు తీసుకోదు. ఎన్ని రింగులు దించినా ఫలితం ఉండదు. అప్పుడు ట్యాంక్ తర్వాత కంకర నింపిన ఫిల్టర్ గది కట్టి, శుద్ధైన నీటిని బయటకు తీయాలి. వీధిలో భూగర్భ డ్రైనేజీ ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా దానికి కలపండి.

మరీ త్వరగా ఇంకడం కూడా మంచిది కాదు. తీరపు ఇసుకలో, తెలంగాణలో పగుళ్లున్న రాతి మీద, మురుగు నీరు వడకట్టే మట్టి తగలకుండానే బావికో బోరుకో చేరుతుంది. ఇంకుడు గుంతకూ తాగునీటి బావికీ కనీసం 18 మీటర్లు, గుంతకూ ఇంటికీ ఆరు మీటర్లు ఉండాలని ప్రమాణం. చిన్న ప్లాట్లలో ఇది కష్టమని నాకు తెలుసు. అయినా మీ బోరునే కాదు, పక్కింటి బోరును కూడా కొలిచి గుంత చోటు నిర్ణయించండి. ఎండిపోయిన బోరులోకి సెప్టిక్ గొట్టం వదిలేవాళ్లను చూశాను. వీధి అంతా తాగే నీళ్లలోకి నేరుగా మురుగు కలపడమే అది, దయచేసి ఎవరూ చేయకండి.

నీరు పైపైనే ఉండే కోనసీమ లాంటి చోట్ల ట్యాంక్‌నూ ఇంకే ఏర్పాటునూ మట్టి పోసిన దిబ్బ మీద ఎత్తుగా కట్టుకోవాలి, దానికి తగ్గట్టు లెట్రిన్ గచ్చు కూడా ఎత్తు చేసుకోవాలి. అక్కడ ఇంకో ప్రమాదం ఉంది: వానాకాలంలో ట్యాంక్‌ను పూర్తిగా తోడిస్తే ఖాళీ ట్యాంక్, ముఖ్యంగా ప్లాస్టిక్‌ది, ఊట నీటి మీద తేలి పైకి వచ్చేస్తుంది. ఎండాకాలంలో తోడించి, వెంటనే కొంత నీళ్లు నింపించండి. తోడటానికి మనిషిని లోపలికి దించకండి. విషవాయువులకు ప్రాణాలు పోతాయి, పైగా అలా దించడం చట్టరీత్యా నేరం.

5. పెరడు

ఇప్పుడు ఆ తవ్విపోసిన మట్టి దగ్గరకు వద్దాం. నల్లరేగడి మొక్కకు బలమైన మట్టే, నీళ్లు బాగా పట్టి ఉంచుతుంది. కానీ వానాకాలంలో వేళ్లకు గాలి ఆడదు. దీనికి ఇక్రిశాట్ పొలాల కోసం రూపొందించిన ఎత్తు మడుల పద్ధతి పెరట్లోనూ బాగా పనిచేస్తుంది: మీటరు వెడల్పు మడి, పక్కన అర మీటరు కాలువ. మిర్చి, వంగ, బెండ మడి మీద ఉంటాయి, ఎక్కువ నీరు కాలువలోకి పోతుంది. తడిగా ఉన్నప్పుడు తవ్వకండి, అడుగు కూడా పెట్టకండి. పదును వచ్చాకే, అంటే గడ్డ చేతిలో నలిపితే పొడిపొడిగా విడిపోయినప్పుడే పని చేయాలి. ఇసుక కలిపితే గుల్లబడుతుందని చాలామంది రెండు తట్టలు కలుపుతారు, అది ఇటుకలా బిగుస్తుంది. కలపాల్సింది పశువుల ఎరువు, ఆకు కుళ్లు. ఏటా జనుమో జీలుగో లాంటి పచ్చిరొట్ట పైరు వేసి పూతకు రాకముందే కలియదున్నితే మూడేళ్లలో మట్టి తీరు మారుతుంది.

రేగడిలో లేత ఆకులు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము అందకపోవడం. మట్టిలో ఇనుము ఉన్నా క్షారం ఎక్కువైతే వేరుకు దొరకదు. అన్నభేది (ఐరన్ సల్ఫేట్) ద్రావణం ఆకుల మీద చల్లితే కోలుకుంటుంది. మామిడికి లోతైన రేగడి అంత నప్పదు. బొప్పాయి మొదట్లో ఒక్క రోజు నీళ్లు నిలిస్తే కాండం కుళ్లిపోతుంది. జామ, దానిమ్మ, రేగు, సపోటా సర్దుకుంటాయి.

ఎర్ర చెల్కలో కథ తిరగబడుతుంది. నీరు ఆగదు, సేంద్రియం తక్కువ, వాన పడి ఎండితే పైన పెచ్చు కట్టి మొలక పైకి రాలేదు. దీనికి చెరువు మట్టి మంచి మందు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసినప్పుడు తెలంగాణ రైతులు ట్రాక్టర్లతో ఆ మట్టిని పొలాలకు తోలుకున్నది అందుకే. మీ పునాదిలో వచ్చిన రేగడి ఉంటే ఎర్ర నేల ఉన్న స్నేహితుడికి ఇవ్వండి, సంతోషిస్తాడు. పైన ఆకులూ గడ్డీ మందంగా కప్పి, నీళ్లు కొంచెం కొంచెంగా తరచుగా ఇవ్వండి. మల్లె, కరివేపాకు, మామిడి ఇక్కడ బాగా వస్తాయి. తీరపు ఇసుకలో కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు.

నేల మీద తెల్లటి పొర తేలితే చౌడు అని జిప్సం చల్లేయకండి. సోడియం ఎక్కువైన కారు చౌడుకే జిప్సం. ఉత్త ఉప్పు చౌడుకు మంచి నీళ్లు కట్టి కడగాలి. రెంటిలో ఏదో వ్యవసాయ శాఖ మట్టి పరీక్ష ల్యాబులో తేలుతుంది. మడిలో ఐదారు చోట్ల, ఆరంగుళాల లోతు నుంచి తీసి కలిపిన అర కిలో మట్టి పట్టుకెళ్లండి.

వంటింటి, బాత్‌రూమ్ నీళ్లను లెట్రిన్ నీళ్లతో కలపకుండా వేరుగా తీసి అరటికి, మెట్టతామరకు వదిలితే సెప్టిక్ మీద భారం సగం పైనే తగ్గుతుంది. రేగడిలో అయితే ఆ అరటి మడి ఇంటికి ఆరు మీటర్ల అవతలే ఉండాలి. సెప్టిక్ నుంచి వచ్చే నీటిని ఆకుకూరలకు మాత్రం పెట్టకండి.

చెట్లకు నేను పాటించే లెక్క: నల్లరేగడిలో చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో గోడకు అంత దూరంలో నాటాలి. నీలగిరి, తుమ్మ, రావి ఇంటి ప్లాటులో అసలు వద్దు.

6. ఇప్పటికే కట్టేసిన ఇంటికి

పగులును వెంటనే పూడ్చకండి. ముందు అది కదులుతోందో ఆగిందో తెలియాలి. పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ రాయండి. మధ్యలో వెడల్పు కొలిచి గోడ మీదే రాసుకోండి. రెండు నెలలకోసారి, ఒక వాన, ఒక ఎండ పూర్తయ్యేదాకా ఇలా చేయండి. ఈలోగా పైపు లీకులు, గోడ పక్కన నీళ్లు పోసే మొక్కలు, డాబా నీటి గొట్టాలు సరిచేసుకోండి, చుట్టూ గచ్చు వేయించండి. పగులు పెరుగుతూనే ఉంటే, లేదా పిల్లరు మీదికో బీము మీదికో పాకితే ఇంజినీరును పిలవడంలో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. పెద్ద చెట్టు పక్కనే ఉంటే ఒకేసారి నరకకండి, ఇంజినీరును అడిగి దశలవారీగా తగ్గించండి. ఎండిన రేగడి ఒక్కసారిగా తేమ పట్టి ఉబ్బితే పగుళ్లు ఇంకోచోట వస్తాయి.

మా అక్క వాళ్లు ఇంకుడు గుంతను పెరటి చివరకు మార్చారు, చుట్టూ గచ్చు వేయించారు, నీలగిరి చెట్లను రెండేళ్లలో కొద్దికొద్దిగా తీసేశారు. కిటికీ మూలన పెన్సిల్ గీతలు పదకొండు ఉన్నాయి. చివరి నాలుగింటి పక్కన రాసిన కొలత ఒకటే.